మోటారు బిగించిన సైకిలుకు ఎన్ని పళ్ళు?

ఈ మధ్య సంఘ కార్యాలయమునకు వచ్చు సభ్యులు నూలు ధర అడిగిన తరువాత వేయుచున్న రెండవ ప్రశ్న ఒక్కటే. పాత సైకిలుకు కరెంటు మోటారు బిగించుకొన్నచో ఎంత వేగము పోవును? కొంతకాలము క్రిందటి వరకు మేము దుకాణములవారు చెప్పిన జవాబునే చెప్పుచు వచ్చితిమి: గంటకు 20 కిలోమీటర్లు అని. ఇప్పుడు అట్లు చెప్పుట మానినాము. మేమే ఎదురు ప్రశ్నలు రెండు వేయుచున్నాము. మీ మూట ఎన్ని కిలోలు? మీ దారిలో అన్నిటికంటె నిటారుగానున్న చడావు ఏది? ఈ రెండింటికి జవాబు వచ్చువరకు అప్పు కాగితము మీద సంతకము పెట్టుట లేదు. ఇందుకు కొందరు సభ్యులు మా మీద కినుకగా నున్నారు. వారికొరకే ఈ వ్యాసము.

మన నీలం నగరులో సైకిలు లేని ఇల్లు అరుదు. కండెల గంప గాని, టవల్ల మూట గాని, ఆడవారు కార్ఖానాకు అప్పజెప్పు బీడీల బుట్ట గాని క్యారియరు మీద కూర్చొననిదే ఆ సైకిలు వీధిలోనికి రాదు. ఊరిలో షికారు చేయువాని సైకిలు వేరు, మన సైకిలు వేరు. మోటారులు అమ్మువారు ఈ భేదమును చూడరు. వారికి సైకిలు సైకిలే.

జరిగిన సంగతి ముందుగా చెప్పెదము. మన సభ్యులలో ఒక పెద్దాయన కలడు. అరువదియేండ్లు దాటినవి. నలుబది యేండ్లు మగ్గము మీద నిలిచిన మోకాళ్ళు. ఇప్పుడు మెట్లు దిగుటకు కూడ గోడ పట్టుకొనును. మగ్గము మానిన తరువాత టవల్లు మూటగట్టి రైలు పట్టాలకు అవతలనున్న బేరగాండ్లకు చేర్చుచు, ఆ కూలితో ఇల్లు నడపుచున్నాడు. పోను 6 కిలోమీటర్లు, రాను 6. నడుమ రైలు పట్టాల మీది వంతెన. దాని క్రిందకు వచ్చుసరికి దిగి, సైకిలును త్రోసుకొని పోవలసినదే. ఆయన పొదుపు నిధి నుండి అప్పు తీసుకొని 24 ఓల్టుల, 250 వాట్ల మోటారు ఒకటి బిగింపించుకొన్నాడు. మొదటి వారము ఆయన సంతోషమునకు మేర లేదు. వీధిలో పిల్లలు వెంట పరుగెత్తినారు. మూడవ వారములో ఒకనాటి సాయంకాలము కార్యాలయమునకు వచ్చి గుమ్మము దగ్గర కూర్చొన్నాడు.

“సెక్రెటరీ, గాడీ సచ్చిపోయింది” అన్నాడు.

“ఏమైంది మామా?”

“బ్రిడ్జి మీద నడుమల ట్రాఫిక్ ఆగింది. మల్ల లేపితే లేవలే. గుర్రు మన్నది. గుడ్డ కాలిన వాసనొచ్చింది.”

మోటారు లోపలి తీగచుట్టలు కాలిపోయినవి. బిగించిన దుకాణమువారు బరువు ఎక్కువ వేసిన తప్పు నీదే అన్నారు. అప్పు వాయిదాలు మాత్రము అట్లే యున్నవి. ఈ విషయములో మేమును నిర్దోషులము కాము. అప్పు మంజూరు చేయునప్పుడు మోటారు ఎన్ని వాట్లు, బ్యాటరీ ఎన్ని ఓల్టులు అని అడిగితిమేగాని, వెనుక చక్రమునకు ఎన్ని పళ్ళు వేసినారని అడుగలేదు. మగ్గము చక్రముల పళ్ళు లెక్కించి బ్రతుకువారము, సైకిలు పళ్ళు లెక్కింపకపోతిమి!

మన ఇండ్లలో ఈ విద్య రెండు రూపములలో నున్నది. మొదటిది రాట్నము. పెద్ద చక్రమును చేతితో ఒక్కసారి త్రిప్పిన చిన్న కదురు పెక్కుసార్లు తిరుగును. వేగము వచ్చును, బలము పోవును. తిరుగుచున్న కదురును రెండు వ్రేళ్ళతో నొక్కి ఆపవచ్చును గదా. రెండవది మగ్గములో నేసిన గుడ్డను చుట్టు టేకప్ చక్రముల వరుస. అక్కడ చిన్న చక్రము పెద్ద చక్రమును, అది మరియొక పెద్ద చక్రమును త్రిప్పును. గుడ్డ కండ్లకు కనబడనంత మెల్లగా కదలును. దానిని చేతితో ఆపుట ఎవరి తరము కాదు. ఏడు చక్రముల టేకప్‌లో చేంజ్ వీలుకు ఒక పన్ను పెంచిన అంగుళమునకు ఒక పేక పోగు పెరుగునని మన జాబర్లందరికి తెలిసినదే. పళ్ళు పెరిగినకొద్ది గుడ్డ నెమ్మదించును.

మోటారు బిగించిన సైకిలు ఈ రెండవ జాతికి చెందినది. మోటారు ఇరుసు మీద 9 పళ్ళ చిన్న చక్రము, వెనుక చక్రమునకు అంతకంటె పెద్ద పళ్ళ చక్రము, రెండింటికి నడుమ చైను. వెనుక పళ్ళు పెంచిన సైకిలు నెమ్మదించును, లాగు బలము పెరుగును. తగ్గించిన వేగము పెరుగును, బలము తగ్గును. మోటారు అదే, బ్యాటరీ అదే. ఒక చేతితో ఇచ్చినది రెండవ చేతితో తీసుకొనును. రెండును కావలెనన్నచో పెద్ద మోటారు కొనవలెను. దాని సంగతి తరువాత చెప్పెదము.

ఇక లెక్క. పెద్దాయన మోటారు వంటివాని ఇరుసు నిండు పనిలో నిమిషమునకు సుమారు 300 సార్లు తిరుగును. మన 28 అంగుళముల సైకిలు చక్రము ఒక్కసారి తిరిగిన సుమారు 2.2 మీటర్లు పోవును. (మీ చక్రమునకు సున్నము గుర్తు పెట్టి, ఒక చుట్టు దొర్లించి, టేపుతో కొలుచుకొనుడు. టైరు అరిగినచో కొంచెము తగ్గును.) దుకాణమువారు వేసినవి 18 పళ్ళు. 9కి 18 అనగా రెండింతలు. మోటారు 300 సార్లు తిరిగిన చక్రము 150 సార్లు తిరుగును. నిమిషమునకు 330 మీటర్లు, గంటకు 20 కిలోమీటర్లు. వారు చెప్పిన మాట అబద్ధము కాదు. అదే 24 పళ్ళు వేసిన గంటకు 15 కిలోమీటర్లు, 32 పళ్ళు వేసిన 11 కిలోమీటర్లు.

లాగు బలము మాట దుకాణములో ఎవరును చెప్పరు. అదే మోటారుకు 18 పళ్ళతో చక్రము నేలను వెనుకకు త్రోయు బలము సుమారు 4.6 కిలోలు. అనగా బావిలో చేదకు 4.6 కిలోల బరువు కట్టి చేదుటకు పట్టునంత బలము. 24 పళ్ళతో 6.2 కిలోలు. 32 పళ్ళతో 8.2 కిలోలు.

ఇది చాలునా చాలదా అన్నది దారి చెప్పవలెను. పెద్దాయన 60 కిలోలు, మోటారు బ్యాటరీలతో సైకిలు 35, మూట 45. మొత్తము 140 కిలోలు. మంచి తారు రోడ్డు మీద, టైర్లలో గాలి నిండుగా నున్నచో, ఈ బరువును దొర్లించుటకు నూటికి ఒకటి చొప్పున 1.4 కిలోల బలము చాలును. వేగముగా పోయినచో ఎదురుగాలి మరియొక కిలో తినును. సమమైన నేల మీద 18 పళ్ళు హాయిగా లాగును. మొదటి వారములోని సంతోషమంతయు సమమైన నేల మీది సంతోషమే.

చడావు మీద ఎత్తు ఎక్కు భారము కూడ చేరును. 25 అడుగులు ముందుకు పోయిన ఒక అడుగు ఎత్తు లేచు దారిలో మొత్తము బరువులో 25వ వంతు వెనుకకు లాగుచుండును. 140 కిలోలలో 25వ వంతు 5.6. దొర్లుటకు 1.4. కలిపి 7 కిలోలు. మోటారు వద్ద నున్నవి 4.6.

మేము ఆ వంతెన చడావును ఒక ఆదివారము తెల్లవారుజామున, బండ్లు తక్కువగా నున్న వేళ కొలిచితిమి. ఇందుకు ఇంజనీరు అక్కరలేదు. రెండు మీటర్ల తిన్నని కర్ర, తాపీమేస్త్రీ మట్టపు గుల్ల, ఒక స్కేలు చాలును. కర్ర ఎగువ కొనను నేల మీద ఆనించి, మట్టము సరిపోవువరకు దిగువ కొనను ఎత్తి, ఆ కొన క్రింద నేలకు గల సందును కొలువవలెను. 10 సెంటీమీటర్లు వచ్చినచో 20కి ఒకటి. 8 వచ్చినచో 25కి ఒకటి. 4 వచ్చినచో 50కి ఒకటి. మాకు మూడు చోట్ల 8, ఒకచోట 7 వచ్చినది. పాలవాడొకడు ఆగి మునిసిపాలిటీ వారా అని అడిగినాడు. అవునంటిమి, లేనిచో సంగతంతయు చెప్పవలసి వచ్చును.

కావున ఆ వంతెన 25కి ఒకటి. మోటారు ఒకటిన్నర రెట్ల పని మీద పడినది. ఇట్టి మోటారుకు ఒక గుణమున్నది. భారము పెరిగిన కొలది నెమ్మదించుచు, కరెంటు ఎక్కువ లాగుకొనును. నిండు పనిలో 13 ఆంపియర్లు తీసుకొనునది ఒకటిన్నర రెట్ల భారమునకు సుమారు 20 తీసుకొనును. తీగచుట్టలలో పుట్టు వేడి కరెంటుతో సమానముగా పెరుగదు. ఒకటిన్నర రెట్ల కరెంటుకు రెండుంబావు రెట్లు, రెండు రెట్ల కరెంటుకు నాలుగు రెట్లు పెరుగును. మెల్లగా పోవుటచే చడావు మీద గడుపు కాలము పెరుగును. దానికి తోడు నడుమ ఆగి, నిండు మూటతో నిలిచిన చోటునుండి మరల లేపుట! ఆ క్షణమున మోటారు తిరుగదు, కరెంటు మాత్రము ప్రవహించును. ప్రతిదినము కొంచెము కొంచెముగా మాడిన తీగ మూడవ వారమున తెగినది. పెద్దాయన బరువు వేసిన తప్పు గాదది. 18 పళ్ళ తప్పు.

సభ్యులు గుర్తుంచుకొనవలసిన లెక్క ఇది. 140 కిలోలకు, త్రొక్కకుండ, 18 పళ్ళు 50కి ఒకటి చడావు వరకే పనికి వచ్చును. 24 పళ్ళు 30కి ఒకటి వరకు. 32 పళ్ళు, కొద్దిగా కాలు సాయముతో, 20కి ఒకటి వరకు. మూట తగ్గిన ఇంకను ఎక్కును.

కాలు సాయము అంటిమి. ఇది చిన్న విషయము గాదు. ఆరోగ్యవంతుడు తీరికగా త్రొక్కిన 70 వాట్ల పని చేయగలడు. మోటారు పనిలో నాలుగవ వంతు కంటె ఎక్కువే. 24 పళ్ళతో 15 కిలోమీటర్ల వేగమున ఆ త్రొక్కుడు 1.7 కిలోల బలముగా లెక్కకు వచ్చును. మోటారు 6.2, కాళ్ళు 1.7, మొత్తము 7.9. ఆ వంతెనకు 7 చాలును. అనగా మోకాళ్ళు బాగున్నవారికి 24 పళ్ళు నిక్షేపముగా సరిపోవును. కుడివైపు పెడలు చైను మామూలుగా 44కి 18 ఉన్నచో 15 కిలోమీటర్ల వేగమున కాళ్ళు నిమిషమునకు 46 సార్లు తిరుగును. ఇది త్రొక్కుటకు అనువైనదే. 32 పళ్ళతో చడావు మీద 34 సార్లే తిరుగును. ప్రతి త్రొక్కు బరువుగా తగులును. ఈ ముక్క కూడ ఆలోచింపదగినది.

మోటారుకు కాళ్ళు సాయపడుట కొత్త సంగతి కాదు. 1946లో ఫ్రాన్సులో వెలువడిన సోలెక్సు అను బండికి ముందు చక్రము మీదనే చిన్న ఇంజను, దాని రోలరు టైరును ఒరసికొని త్రిప్పును. గేర్లు లేవు, చడావు వచ్చిన త్రొక్కవలసినదే. మన పూణె కినెటిక్ ఇంజనీరింగ్ వారు 1972లో తెచ్చిన లూనాకును ఒకే గేరు, ప్రక్కన పెడళ్ళు. దానికి పెడళ్ళు ఎందుకని నవ్వినవారే చడావు మీద వానిని త్రొక్కినారు. 1980లో టీవీయస్ 50 వచ్చిన తరువాత మూటల బేరగాండ్లు అటు మరలినారు. 2024లో లూనా పేరు కరెంటు బండిగా మరల బజారుకు వచ్చినది. వీని తయారీదారులు ఒకే గేరును ఎన్నుకొనుటకు పడిన పాట్లు మనవి వంటివే: బల్లపరుపు నేల మీద పరుగెత్తవలెనా, మూటతో గట్టు ఎక్కవలెనా? అయితే వారు కొన్ని లక్షలమందికి ఒకే బండి చేయవలసినవారు. మనము ఒక్క ఇంటికి, ఒక్క దారికి చేసికొనుచున్నాము. మనకు వారికి లేని సౌకర్యమిది.

ఫ్రాన్సు పేరు వచ్చినది గనుక మరొక ముచ్చట. ఆ దేశమున సాంతెతియెన్ అను ఊరు గలదు. రిబ్బనుల నేతకును, తరువాత సైకిళ్ళ తయారీకిని ప్రసిద్ధి. ఆ ఊర పట్టు వర్తకము చేసిన పాల్ ద వివి (1853–1930) అను ఆయన వర్తకము విడిచి సైకిళ్ళ వెంట పడినాడు. 1887లో సైకిలు పత్రిక యొకటి స్థాపించి, కొండ ఎక్కుటకొక గేరు, దిగుటకొక గేరు ఉండవలెనని జీవితకాలము వాదించినాడు. దీనికి ఎదురు పక్షము తూర్ ద ఫ్రాన్స్ పందెమును నెలకొల్పిన హెన్రీ దెగ్రాంజ్. గేర్లు మార్చుట 45 ఏండ్లు దాటినవారికే తగునని, మగవాడు కండ బలముతోనే గెలువవలెనని 1902లో వ్రాసినాడు. ఆయన పందెములో గేరు మార్చు మీట 1937 వరకు ప్రవేశింపలేదు. మా వయసు ఇంకను 45 దాటలేదు గాని, ఈ తగవులో మేము పట్టు వర్తకుని పక్షము.

ఆ తగవే మన పెద్దాయన ఇంటిలోను వచ్చినది. మోటారుకు కొత్త తీగ చుట్టించినాము. ఖర్చులో సగము కార్యవర్గము భరించుటకు ఒప్పుకొన్నది. పళ్ళు ఎన్ని వేయవలెనను మాట వచ్చునప్పటికి ఇంట ఇద్దరు నిలిచినారు. కుమారుడు పవర్‌లూము షెడ్డులో పండ్రెండు గంటల పాళి చేయును. తండ్రి పగలు తెచ్చిపెట్టిన సైకిలునే రాత్రి పాళికి అతడు తీసుకొని పోవును.

“నాయినా, పదకొండు స్పీడంటే నడిచినట్టే. పాళికి లేటైతే ముకద్దం లోపల అడుగు పెట్టనియ్యడు” అన్నాడు కుమారుడు.

“నువ్వు తొక్కుతవు, నీకు కాళ్ళున్నయి. నేనెట్ల తొక్కాలె బిడ్డా?” అన్నాడు తండ్రి.

మేము మొదట 32 పళ్ళు వేయుడని సలహా ఇచ్చితిమి. 8.2 కిలోల బలము, కావలసినది 7. మోకాళ్ళతో పని లేదు, మోటారు కాలదు. మా సలహా లెక్కకు సరియే గాని ఇంటికి సరిపడలేదు. కుమారుడు అలిగి లేచిపోయినాడు. అప్పుడు పెద్దాయనయే ఒక మాట అడిగినాడు. మూట తగ్గిస్తే ఏమైతది అని. అంతవరకు మేము మూటను రాతి మీది గీతగా భావించితిమి. పళ్ళనే అటునిటు మార్చుచుంటిమి.

మరల కాగితము తీసితిమి. 45 కిలోల మూటను 30 చేసిన మొత్తము 125. 25వ వంతు 5, దొర్లుటకు 1.25, కలిపి 6.25. ఇరువదినాలుగు పళ్ళకు 6.2 కలదు. త్రొక్కకుండనే, ఇంచుమించు ఎక్కును. ఇక దినమునకు 90 కిలోలు చేర్చవలెను గదా. 32 పళ్ళతో 45 చొప్పున రెండు తిరుగుళ్ళు. ఒక వైపు 33 నిమిషముల చొప్పున రానుపోను మొత్తము 132 నిమిషములు. 24 పళ్ళతో 30 చొప్పున మూడు తిరుగుళ్ళు. ఒక వైపు 24 నిమిషముల చొప్పున మొత్తము 144 నిమిషములు. తేడా పండ్రెండు నిమిషములు! ఈ లెక్క చూచి మేమే నమ్మక రెండవసారి వేసితిమి.

ఒక చిక్కు మిగిలినది. మూడు తిరుగుళ్ళనగా 36 కిలోమీటర్లు. ఆయన వద్దనున్న 12 ఆంపియర్ గంటల సీసపు బ్యాటరీల జతలో పట్టునది 288 వాట్ గంటలు. సీసపు బ్యాటరీని అడుగంట వాడిన త్వరగా చచ్చును. కావున ఉదయము రెండు తిరుగుళ్ళు, మధ్యాహ్నము భోజనవేళ చార్జింగు, సాయంకాలము ఒకటి. రాత్రి పాళికి షెడ్డు దగ్గరలోనిదే. ఆ కొంచెమునకు కుమారుడు త్రొక్కుచు పోవును.

“మూడు సార్లు పోతే మూడు చాయలు తాగొచ్చు” అన్నాడు పెద్దాయన. 24 పళ్ళు వేసినాము. ఇది వ్రాయునాటికి నాలుగు మాసములైనది. వంతెన ఎక్కిన వెంటనే మోటారు మీద చేయి పెట్టి చూడుమని చెప్పితిమి. వెచ్చగా నుండును, చేయి ఆనించి యుంచగలుగుచున్నాడు. చేయి ఆనించలేనంత వేడి యున్నచో ఆగి చల్లబరచవలెను.

బిగింపును గూర్చి కొన్ని మాటలు. బలము కావలెనని మోటారు మీది 9 పళ్ళ చక్రమును ఇంకను చిన్నది చేయకుడు. చైను మరీ మడతపడి త్వరగా అరుగును, భారము పడినప్పుడు జారును. వెనుకనున్నదానినే పెంచవలెను. పెద్ద చక్రము బజారులో దొరకకపోయినచో చింతింపనక్కరలేదు. మగ్గముల గేర్లు కోయు లేతు పనివారు మన ఎం.ఐ.డి.సి. ప్రాంతమున కొదువలేదు. పళ్ళ బిళ్ళను కోసి ఫ్రీవీలుకు అతికి ఇచ్చెదరు. అతికిన బిళ్ళ అడ్డముగా ఊగకుండ చూచుకొనవలెను; ఊగినచో చైను పడును. 18 నుండి 24కు మారినప్పుడు చైనుకు నాలుగు లింకులు చేర్చవలసి వచ్చును. చక్రము నడుమనే మోటారు ఇమిడియున్న హబ్ మోటారులు కొనువారు పళ్ళు మార్చుకొనజాలరు; వానిలో గేరు కర్మాగారములోనే నిర్ణయింపబడినది. అవి చప్పుడు చేయవు, చూపునకు ముచ్చటగా నుండును. మూట మోయని ఆడపిల్లలకు, విద్యార్థులకు అవి బాగున్నవి.

ఎక్కుట గూర్చి ఇంత వ్రాసి దిగుట మరచిన తప్పగును. 125 కిలోలు అదే వంతెన దిగునప్పుడు మోటారు పట్టి ఆపదు, ఫ్రీవీలు వదలివేయును. బ్రేకు గుట్టలు రెండు చక్రములకును కొత్తవి వేయించుడు. కడ్డీ బ్రేకులున్న పాత సైకిళ్ళవారు వాన దినములలో మూట దింపి నడిపించుడు. ఇందులో నామోషీ లేదు.

పెద్ద మోటారు కొనవచ్చును గదా అని కొందరు అడుగుదురు. కొనవచ్చును. కాని చట్టము ప్రకారము బ్యాటరీ బండి సామర్థ్యము 250 వాట్లకు, వేగము గంటకు 25 కిలోమీటర్లకు లోపల నుండి, బండి బరువు హద్దు మీరనప్పుడే మోటారు వాహనముగా పరిగణింపబడక, రిజిస్ట్రేషను, లైసెన్సు అక్కరలేకుండ పోవును. ఆ గీత దాటినచో అన్నియు కావలెను.  పోలీసువారు ఆపినప్పుడు సంఘము చీటీ చూపిన లాభముండదు. ఈ కారణముచే సంఘపు అప్పు 250 వాట్లలోపు మోటారులకే యిచ్చుచున్నాము.

మన యువకులు కొందరు ఈ సైకిలు మీద తుల్జాపూరు పోయి రావలెనని ముచ్చట పడుచున్నారు. కోజాగిరి పున్నమికి కాలినడకన పోవు తల్లి దర్శనమునకు కరెంటు సైకిలు మీద పోయిన తప్పేమని వారి ప్రశ్న. తప్పేమియు లేదు. అయితే 45 కిలోమీటర్ల దూరము, చివర బాలాఘాటు కొండ ఎక్కు ఘాటు రోడ్డు. బ్యాటరీ అలసిపోయిన తరువాత చడావు వచ్చును. ఎత్తు ఎక్కుటకు కావలసిన పని పళ్ళు మార్చినంత మాత్రమున తగ్గదు. 100 మీటర్ల ఎత్తునకు 140 కిలోలు లేపుటకు దారి నష్టములు గాక, మోటారులో వేడిగా పోవునది గాక, 38 వాట్ గంటలు కర్చగును. 18 పళ్ళతో ఎక్కినను అంతే, 32తో ఎక్కినను అంతే. తేడా యేమనగా, 32తో మోటారు చల్లగా ఎక్కును, 18తో మాడుచు ఎక్కును. పోవలెనన్నవారు మూట లేకుండ, రెండవ జత బ్యాటరీతో, 32 పళ్ళతో పోవుడు. ఊరిలోనికి తిరిగి వచ్చిన తరువాత మరల 24 వేసుకొనవచ్చును.

ఈ సౌకర్యము కొరకే 18, 22, 24, 28, 32 పళ్ళ చక్రములు ఒక్కొక్కటి చేయించి కార్యాలయములో నూలు తూచు కాటా ప్రక్కన మేకుకు తగిలించినాము. సభ్యులు వారము దినములు తీసుకొనిపోయి తమ దారిలో పరీక్షించుకొనవచ్చును. మూటను మన కాటా మీదనే తూచుకొనుడు. ఇంటిలో చేతితో ఎత్తి చూచి 30 కిలోలని చెప్పిన మూటలు మా కాటా మీద 38 తూగినవి. మట్టపు గుల్ల, రెండు మీటర్ల కర్ర కూడ అక్కడనే యున్నవి. కర్రను పోయిన వారము ఎవరో తీసుకొనిపోయి బట్టలారవేయు దండెము చేసినట్లు తెలియవచ్చినది. దయచేసి తిరిగి తెచ్చి పెట్టవలెను.